గాలికి జామీను

14 అక్టోబరు 2025, మంగళవారం

పొద్దున ఏడింటి కాల్ ఇవాళ లేదు. మనకు ఉదయం ఏడంటే అలాస్కాలో ఇంకా నిన్నటి సాయంత్రం ఐదున్నర. వాళ్లు పని ముగించుకునే ముందు మాతో మాట్లాడతారు, మేం రోజు మొదలుపెడుతూ వింటాం. ఇవాళ రెండు వాక్యాల మెయిల్ వచ్చింది. మా మనుషులంతా తుఫాను సాయంలో ఉన్నారు, మీటింగు వచ్చే వారం పెట్టుకుందాం అని.

వార్తలు వెతికాను. పసిఫిక్‌లో పుట్టిన హలాంగ్ తుఫాను బలహీనపడి కూడా ఆదివారం అలాస్కా పడమటి తీరాన్ని ఊడ్చేసింది. కిప్‌నుక్, క్విగిలింగోక్ అనే యూపిక్ ఆదివాసుల ఊళ్లలో ఇళ్లు పునాదుల మీంచి లేచి నీళ్లలో కొట్టుకుపోయాయట, కొన్ని మనుషులతో సహా. మిగిలినవాళ్లు బడి భవనాల్లో తలదాచుకున్నారు.

ఆ రెండు పేర్లూ నాకు బాగా తెలిసినవి. ఈ ప్రాజెక్టులోకి వచ్చాక గాలిమర, డీజిల్ కలిపి నడిపే గ్రిడ్ల గురించి ఏ రిపోర్టు తెరిచినా అవి కనబడుతూనే ఉన్నాయి. కాంగిగనక్, క్విగిలింగోక్, టుంటుటులియాక్, కిప్‌నుక్ నాలుగూ చానినిక్ విండ్ గ్రూప్ అని ఒక జట్టు కట్టి గాలిమరలు పెట్టుకున్నాయి. పటంలో చుక్కలుగా చూసిన ఊళ్లలో ఇవాళ జనం తడిసిన బట్టలతో బడిలో కూర్చున్నారు.

మా ప్రాజెక్టు ఉన్న అలాస్కా పల్లె, మా ఊరు (ఇప్పుడు దాన్ని అలాగే అంటున్నాను), ఈసారి తప్పించుకుంది. దాని పేరు రాయను, కాంట్రాక్టులో ఆ షరతు ఉంది. రోడ్డు లేదు. పక్క ఊరికి కరెంటు తీగ కూడా లేదు. వేసవిలో మంచు కరిగి దారి తెరుచుకున్నప్పుడు బార్జి మీద డీజిల్ వస్తుంది, ఏడాదికి సరిపడా ట్యాంకుల్లో నింపుకుంటారు. అలాస్కా పల్లెల్లో సబ్సిడీ లేకుండా చూస్తే యూనిట్ అర డాలరు పైమాటే, కొన్నిచోట్ల డాలరు దాకా పోతుంది. ఆ ఊరికి గాలిమరలు ఇప్పటికే ఉన్నాయి. బ్యాటరీ కలపాలి. బ్యాటరీ, ఇంజిన్, గాలిమర ఒకదాని మాట ఒకటి వినేలా చేసే కంట్రోల్ లాజిక్ రాసి, కంప్యూటర్ మోడల్ మీద పరీక్షించడం హైదరాబాద్ రాయదుర్గంలో మా టీం పని.

17 అక్టోబరు, శుక్రవారం

మోడల్ మొదటిసారి ఆగకుండా ఇరవైనాలుగు గంటలు నడిచింది. లెక్క నాకే స్పష్టంగా ఉండాలని ఇక్కడ రాసుకుంటున్నాను.

ఊరి వాడకం ఈ క్షణాన 120 కిలోవాట్లు అనుకుందాం. గాలి జోరుగా ఉంది, మరలు 150 ఇవ్వగలవు. ఇంజిన్ ఆపేయొచ్చు కదా అనిపిస్తుంది. ఆపలేం. గాలిమర ఇచ్చే శక్తి గాలి వేగపు ఘనాన్ని బట్టి మారుతుంది. వేగం సగానికి పడితే కరెంటు ఎనిమిదో వంతుకు పడుతుంది. ఒక్క నిమిషం గాలి సన్నగిల్లినా ఊరు చీకటి. పైగా 60 హెర్ట్జ్ ఫ్రీక్వెన్సీని పట్టి నిలబెడుతున్నది డీజిల్ జనరేటరే, మరలు దాని వెంట నడుస్తాయంతే.

కాబట్టి ఇంజిన్ తిరుగుతూ ఉండాలి. ఊరికే తిప్పితే కుదరదు. 200 కిలోవాట్ల ఇంజిన్‌ను 30 శాతం కంటే తక్కువ లోడ్ మీద గంటల తరబడి నడిపితే సిలిండర్లు సరిగ్గా వేడెక్కవు, డీజిల్ పూర్తిగా కాలదు, పొగగొట్టంలో నల్లటి జిడ్డు పేరుకుంటుంది. అందుకని 60 కిలోవాట్లు దానికి వదిలెయ్యాలి. ఊరికి కావలసిన 120లో గాలికి దక్కేది మిగతా 60. మరలు ఇవ్వగలిగిన మరో 90 నీళ్లు కాచే హీటర్లలో పొయ్యాలి, లేదంటే రెక్కల కోణం తిప్పి గాలిని పోనివ్వాలి. అంటే గాలి హోరెత్తిపోతున్న రాత్రి కూడా ఆ ఊరు డీజిల్ కాలుస్తూనే ఉంటుంది.

ఇప్పుడు బ్యాటరీ కలిపి చూశాను. దాని ఇన్వర్టర్ తానే ఫ్రీక్వెన్సీ నిలబెట్టగలదు. తెర మీద డీజిల్ గీత మెల్లగా దిగి సున్నా దగ్గర ఆగింది. ఇంజిన్ బంద్. ఊరు గాలి మీదే నడుస్తోంది. ఆ గంటంతా బ్యాటరీలోంచి వాడిన కరెంటు చూస్తే చాలా కొద్ది. కాస్త ఇచ్చింది, కాస్త పుచ్చుకుంది.

రాత్రికి సరిపడా కరెంటు దాచిపెట్టే గోదాములాగే బ్యాటరీని ఎవరైనా ఊహించుకుంటారు. ఇక్కడ దాని పని జామీను. గాలి మాట తప్పితే ఆ బాకీ నేను కడతాను, ఈలోపు ఇంజిన్‌ను లేపుకోండి అని పూచీ పడుతుంది. ఆ పూచీ కొన్ని నిమిషాలది. ఆ కొన్ని నిమిషాల ధైర్యంతోనే గంటల తరబడి ఇంజిన్ ఆపి ఉంచగలుగుతున్నాం. ఆదా అయ్యే డీజిల్‌లో పెద్ద వాటా ఆ ఆపిన గంటలదే.

22 అక్టోబరు, బుధవారం

మధ్యాహ్నం మూడు దాటాక ఆఫీసులో లైట్లు ఒక్కసారి కొట్టుకున్నాయి. ఎవరూ తల ఎత్తలేదు. ఏసీ ఆగింది, కంప్యూటర్లు ఆగలేదు. కాసేపటికి ఏసీ మళ్లీ మొదలైంది. సైబర్ టవర్స్‌ను 1998 నవంబరులో వాజ్‌పేయి ప్రారంభించిన నాటి నుంచి ఈ ఐటీ కారిడార్ అమ్ముతున్న సరుకుల్లో ఇదొకటి: కరెంటు పోయినా పని ఆగదు అనే హామీ.

ఫెసిలిటీ వాళ్లను అడిగి కింద బేస్‌మెంటుకు వెళ్లాను. మా మోడల్‌లో ఉన్న వరుసే అక్కడా ఉంది. ఆధారపడలేని సరఫరా ఒకటి, క్షణాలు కాచే బ్యాటరీలు, చివరన గంటలు కాచే డీజిల్. సరఫరా అక్కడ గాలి, ఇక్కడ లైను, అంతే తేడా.

డీజీ (డీజిల్ జనరేటర్) గదిలో పనిచేసే అన్నది కల్వకుర్తి. నేను అచ్చంపేట అనగానే మనిషి కలిసిపోయాడు. ప్యానెల్ చూపించాడు, లైను పోగానే ఇంజిన్ తనంతట తాను స్టార్టయి లోడ్ ఎలా ఎత్తుకుంటుందో చెప్పాడు. తర్వాత బ్యాటరీ గదికి తీసుకెళ్లాడు. ఇనుప ర్యాకుల మీద అంతస్తులుగా బ్యాటరీలు. ఒక్కోదానికి తేదీ రాసిన స్టిక్కరు. ఒక టెర్మినల్ మీద లేత ఆకుపచ్చగా బూజులాంటి పొడి. జేబులోంచి పాత బట్టముక్క తీసి దాన్ని తుడిచాడు, నట్టు మీద వేలు పెట్టి వేడి చూశాడు, స్పానరుతో పావు చుట్టు బిగించాడు. అదంతా మాట్లాడుతూ మాట్లాడుతూనే.

"ఇంజిన్ ఖరాబైతే సప్పుడు చేస్తది మేడం. పొగొస్తది, వాసనొస్తది, పదిమందికి తెలుస్తది. బ్యాటరీ అట్ల కాదు. సప్పుడు లేకుండ పోతది. అవసరం పడ్డనాడు తెలుస్తది పోయిందని. అందుకే దినాం చూస్కోవాలె."

ఎండాకాలం ఆ గది ఏసీ ఆగితే ఇంజిన్ కంటే ముందు దీనికే పరుగెత్తుతానని చెప్పాడు. నిజమే. లెడ్ యాసిడ్ బ్యాటరీ 25 డిగ్రీల పైన ప్రతి పది డిగ్రీలకూ సగం ఆయుష్షు పోగొట్టుకుంటుందని మా రంగంలో వాడుక లెక్క. మనకు వేడి శత్రువు, వాళ్లకు చలి.

పైకి వచ్చి మోడల్ ముందు కూర్చున్నాను. ఇందులో ఇంజిన్‌కు ఒక బ్లాకు, బ్యాటరీకి ఒక బ్లాకు, మరకు ఒక బ్లాకు ఉన్నాయి. బట్టముక్కతో టెర్మినల్ తుడిచే మనిషికి బ్లాకు లేదు.

29 అక్టోబరు, బుధవారం

మొంథా తుఫాను నిన్న రాత్రి నర్సాపురం దగ్గర తీరం దాటింది. తెల్లారేసరికి దాని వాన మన మీదికి వచ్చింది. వరంగల్‌లో కాలనీలు మునిగాయి. అచ్చంపేటలో కరెంటు లేదు. నాన్న ఫోన్ చేశాడు. రిటైరై ఏళ్లయినా లైన్‌మన్ మనసు పోలేదు. వాన మొదలైతే ఏ ఫీడరు ఎక్కడ తెగి ఉంటుందో ఇంట్లో కూర్చుని చెబుతాడు. "మన్ననూరు లైన్ల చెట్టు పడ్డదంట, పిల్లలు పొయ్యిండ్రు. సద్దన్న తిన్నరో లేదో."

ఇంటి నుంచే పని. అలాస్కాలోని వేల్స్ కథ పూర్తిగా చదివాను. బేరింగ్ జలసంధి ఒడ్డున, అమెరికా ఖండపు ప్రధాన భూభాగానికి పడమటి కొసన ఉన్న ఇన్యూపియాట్ ఊరు అది. 2000 తర్వాతి తొలి ఏళ్లలో అమెరికా జాతీయ పునరుత్పాదక ఇంధన ప్రయోగశాల, కొట్జెబ్యూ విద్యుత్ సంఘం, పల్లెల విద్యుత్ సహకార సంఘం ఏవెక్ కలిసి అక్కడ రెండు గాలిమరలు, నికెల్ కాడ్మియం బ్యాటరీ పెట్టాయి. మరల సామర్థ్యం ఊరి సగటు వాడకం కంటే ఎక్కువ. బ్యాటరీ చాలా చిన్నది, నిమిషాల లెక్క. డీజిల్ పూర్తిగా ఆపి ఊరిని నడపవచ్చని రుజువు చేశారు. నేను రెండు వారాలుగా తెర మీద చూస్తున్నది ఇరవై ఏళ్ల కిందటే అక్కడ నిజంగా జరిగింది.

అయినా అది నిలవలేదు. యంత్రాంగం సంక్లిష్టం. దాన్ని లోతుగా ఎరిగినవాళ్లు విమానాల దూరంలో ఉన్నారు. ఊళ్లో ఆపరేటర్‌కు పాత డీజిల్ ఇంజిన్ చేతికి తెలిసినది. ఏదైనా తేడా వస్తే ఊరికి వెలుగు ఇవ్వాల్సింది అతనే. ఆ పరిస్థితిలో తనకు తెలిసిన యంత్రం వైపే ఎవరైనా వెళ్తారు.

సాంకేతికంగా గెలిచి ఊళ్లో ఓడిపోయిన ఈ ప్రయోగాన్ని మా టీంలో కొత్తగా చేరే ప్రతి ఒక్కరూ చదవాలి.

9 నవంబరు, ఆదివారం

ఈ వారం మనసుకు బాగా పట్టిన వార్త గూడెం. అల్లూరి సీతారామరాజు జిల్లా అనంతగిరి మండలంలో కొండ మీది గిరిజన పల్లె, 17 కుటుంబాలు. స్వాతంత్ర్యం వచ్చిన 78 ఏళ్లకు కరెంటు చూశారు. అడవిలో, బండల మధ్య, సుమారు పది కిలోమీటర్ల లైను వేశారు. స్తంభాలు చాలావరకు మనుషులు మోసుకెళ్లినవే అయి ఉంటాయి. నాన్నకు చదివి వినిపిస్తే ఒక్కటే అన్నాడు. "ఏసుడు గొప్పనే. వానకాలం ఆ పది కిలోమీటర్లు ఎవరు నడుస్తరో సూడాలె." లైనుతో పాటు సోలార్, గాలి కలిపి నడిచే చిన్న యూనిట్ కూడా పెట్టారని రాశారు. అది సరైన ఆలోచన. లైను తెగిన రోజుల్లో కొండ మీదే కొంత వెలుగు ఉండాలి.

మన దేశంలో అలాస్కా పల్లెకు అతి దగ్గరగా ఉన్నది లక్షద్వీప్. జనాభాలో దాదాపు అందరూ షెడ్యూల్డు తెగలవాళ్లే. కరెంటు ఏళ్ల తరబడి ఓడల్లో వచ్చిన డీజిల్‌దే. 2024 జనవరి 3న కవరత్తిలో బ్యాటరీతో కూడిన సౌర కేంద్రం ప్రారంభించారు. ద్వీపాల్లో అదే మొదటిది. ఉప్పుగాలి, దూరం, ఓడ వచ్చేదాకా ఆగాల్సిన స్పేర్ పార్టులు చూస్తే మంచు ఒక్కటి తప్ప కష్టాలన్నీ అవే.

రెండో వైపు కూడా రాసుకోవాలి. బీహార్‌లో ధర్నై. 2014 జూలైలో 100 కిలోవాట్ల సోలార్ మైక్రోగ్రిడ్ ప్రారంభమైనప్పుడు దేశమంతా రాసింది. మూడునాలుగేళ్లకు బ్యాటరీలు అలిసిపోయాయి. ఈలోపు తక్కువ ధరకు గ్రిడ్ కరెంటు వచ్చింది. బ్యాటరీలు మార్చేవారు లేక, చివరికి ఆ ఆవరణలో పశువులు కట్టేసుకున్నారు. బ్యాటరీకి ఒక ఆయుష్షు ఉంటుందని మొదటి రోజే అందరికీ తెలుసు. దాన్ని మార్చే డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో మొదటి రోజే రాసిపెట్టి ఉండాలి.

25 నవంబరు, మంగళవారం

అక్కడ చలికాలపు గడియారం వచ్చేసింది. మన ఏడు ఇప్పుడు వాళ్ల నాలుగున్నర. ఇవాళ కాల్‌లో మొదటిసారి ఊరి పవర్‌ప్లాంట్ ఆపరేటర్ కూర్చున్నాడు. పెద్దాయన. వెనక ఇంజిన్ శబ్దం వినబడుతూనే ఉంది. మా మేనేజర్ స్లైడ్లు చూపిస్తున్నంతసేపూ మాట్లాడలేదు. చివర్లో మాత్రం అడిగాడు. జనవరిలో తుఫాను పట్టి వారం రోజులు విమానం రాదు. రాత్రి రెండింటికి ఈ పెట్టె మీద ఎర్ర లైటు వెలిగింది. ఇంటర్నెట్ లేదు. అప్పుడు నేనేం చెయ్యాలి?

హైదరాబాద్ నుంచి ఇరవైనాలుగు గంటలూ పర్యవేక్షణ ఉంటుందని మా వాళ్లెవరో చెప్పబోయారు. ఆయన ఇంటర్నెట్ లేదని ముందే చెప్పాడు.

రోజంతా ఆ ప్రశ్న మీదే కూర్చున్నాను. చలి సంగతి ముందు చూశాను. లిథియం అయాన్ సెల్‌ను సున్నా డిగ్రీల కింద చార్జి చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుని సెల్ చెడిపోతుంది. కాబట్టి బ్యాటరీ ఉండే కంటైనర్‌ను లోపల వెచ్చగా ఉంచాలి. ఆ వేడికి కరెంటు కావాలి. ఊరి కరెంటే పోతే వేడి పోతుంది, వేడి పోతే చార్జింగ్ కుదరదు. కొట్జెబ్యూ వాళ్లు దీన్ని ఎదుర్కొన్నారు. ఆర్కిటిక్ వలయానికి ఉత్తరాన, మూడు వేల జనాభా. 1997లోనే మూడు చిన్న గాలిమరలతో మొదలుపెట్టారు, 2012లో 900 కిలోవాట్లవి రెండు కలిపారు. ఆ తర్వాత సాఫ్ట్ కంపెనీ చలికోసమే కట్టిన లిథియం కంటైనర్ తెప్పించారు, 1.2 మెగావాట్లు, 950 కిలోవాట్ అవర్లు. పూర్తి జోరున ఇస్తే గంట కూడా రాదు. మైనస్ 50 డిగ్రీలకు తట్టుకునేలా కట్టింది. కొట్జెబ్యూకు ఉన్న బలం ఆ పెట్టె ఒక్కటే కాదు. దశాబ్దాలుగా గాలిమరలతో చెయ్యి తిరిగిన సొంత సిబ్బంది ఊళ్లోనే ఉన్నారు. వేల్స్‌కు లేనిది అదే.

పల్లె ఆపరేటర్ల కోసం అలాస్కాలో ఏర్పాట్లు ఉన్నాయి. సివార్డ్‌లో అవ్‌టెక్ అనే వృత్తి విద్యా కేంద్రం పవర్‌ప్లాంట్ ఆపరేటర్లకు కోర్సు నడుపుతుంది. సర్క్యూట్ రైడర్లు అని, ఊరూరా తిరిగి ఇంజిన్లు చూసి ఆపరేటర్లకు నేర్పే టెక్నీషియన్లు ఉన్నారు. ఆ పద్ధతిలోకి బ్యాటరీ కూడా రావాలి.

రాత్రి ఆయనకు జవాబు రాశాను. ఒక చేతి స్విచ్ ఉంటుంది. అది తిప్పితే బ్యాటరీ పక్కకు తప్పుకుంటుంది, ఊరు పాత పద్ధతిలో డీజిల్ మీద నడుస్తుంది. కంప్యూటర్ అనుమతి అక్కర్లేదు, హైదరాబాద్ అనుమతి అంతకంటే అక్కర్లేదు. ఇది డిజైన్‌లో లేదు. పెట్టిస్తాను.

11 డిసెంబరు, గురువారం

చేతి స్విచ్ ఆమోదం పొందింది. ఖర్చు చిన్నదే, వాదన పెద్దదైంది. ఆటోమేటిక్ వ్యవస్థకు మనిషి అడ్డు పడతాడని ఒకరు అన్నారు. వేల్స్ రిపోర్టు పంపాను. మళ్లీ అభ్యంతరం రాలేదు.

ఇవాళ డబ్బు సంగతి చదివాను. పల్లెల కరెంటు ధర తగ్గించడానికి అలాస్కా రాష్ట్రం 1980ల నుంచి సబ్సిడీ ఇస్తోంది. మంచి పథకం. కానీ అందులో ఒక ముడి ఉంది. గాలి వల్ల డీజిల్ ఆదా అయి ఉత్పత్తి ఖర్చు తగ్గితే, ఆ మేరకు సబ్సిడీ కూడా తగ్గుతుంది. ఇంటి బిల్లులో మార్పు పెద్దగా కనబడదు. రాత్రింబవళ్లు కొత్త యంత్రాన్ని కాపాడుకున్న ఊరికి చేతిలో ఏం మిగిలింది?

దీనికి ఊళ్లే దారులు వెతుక్కున్నాయి. కాంగిగనక్‌లో మిగులు గాలి కరెంటును ఇళ్లలో పింగాణీ ఇటుకల హీటర్లలోకి పంపుతారు. ఇటుకలు వేడిని పట్టి ఉంచుకుని గంటల తరబడి ఇల్లు వెచ్చగా ఉంచుతాయి. ఆ కరెంటు ధర ఇంటిని వేడిచేసే నూనె కంటే చవక, ఆ లాభం నేరుగా కుటుంబానికి దక్కుతుంది. షుంగ్నాక్, కోబుక్ ఊళ్లు ఇంకో దారి పట్టాయి. 2021లో వచ్చిన సుమారు 225 కిలోవాట్ల సోలార్, దాని బ్యాటరీ అక్కడి తెగల సొంతం. కరెంటును ఏవెక్‌కు అమ్ముతారు, ఆ ఆదాయం ఊళ్లో ఉంటుంది, దాంతోనే నిర్వహణ. కెనడాలో ఓల్డ్ క్రో అని, రోడ్డే లేని వుంటుట్ గ్విచిన్ తెగ ఊరు ఉంది. అక్కడా సోలార్ కేంద్రం తెగ ప్రభుత్వానిదే. పాతికేళ్ల ఒప్పందం మీద విద్యుత్ సంస్థకు కరెంటు అమ్ముతుంది. వేసవిలో డీజిల్ ఇంజిన్లు ఆపేస్తారు. ఇంజిన్ చప్పుడు లేని ఊరును అక్కడి పిల్లలు మొదటిసారి విని ఉంటారు.

బాగా చూసుకుంటే ఎవరికి లాభమో వాళ్ల చేతిలోనే యంత్రం ఉండాలి. రిపోర్టులో ఈ మాట ఇంత సూటిగా ఎవరూ రాయనివ్వరు. ఇక్కడ రాసుకుంటున్నాను.

17 జనవరి 2026, శనివారం. అచ్చంపేట

పండక్కి వచ్చాను. ఇవాళ నాన్నతో మన్ననూరు అవతల, రోడ్డు పక్కన ఉన్న ఒక చెంచు పెంటకు, అంటే చెంచుల చిన్న గూడేనికి, వెళ్లాను. నాన్నకు అక్కడ పాత పరిచయాలు. నల్లమల లోపల, పులుల అభయారణ్యంలో లైను వెయ్యడానికి అనుమతులు తేలిగ్గా రావు కాబట్టి ఈ పెంటల్లో చాలావాటికి సోలారే దారి. 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ పథకంలో చెంచులు, కొలాములు, కొండరెడ్లు లాంటి తెగలకు లైను వెళ్లలేని చోట ఇంటికి 50,000 రూపాయల దాకా సోలార్ సెట్టు కోసం పెట్టారు. దేశం మొత్తానికి లక్ష ఇళ్ల లక్ష్యం.

మేం చూసిన ఇల్లు అంతకు ముందెప్పుడో ఇంకెవరో ఇచ్చిన సెట్టుది. కప్పు మీద సోలార్ పలక శుభ్రంగా ఉంది. లోపల మూలన నల్లటి బ్యాటరీ, మీద దుమ్ము. అవ్వ చెప్పింది. "రెండేండ్లు మంచిగెలిగింది బిడ్డా. ఆనక బందయింది. ఇచ్చినోళ్లు మల్ల రాలే." నాన్న మూతలు విప్పాడు. లోపల నీళ్లు అడుగంటి, ప్లేట్లు బయటపడి, అంచుల వెంట తెల్లగా గట్టిపడి ఉన్నాయి. మీటర్ పెడితే 8 వోల్టులు. 12 వోల్టుల బ్యాటరీకి ఆ అంకె చావే. అప్పుడప్పుడు డిస్టిల్డ్ వాటర్ పొయ్యాలని ఆ ఇంట్లో ఎవరికీ ఎవరూ చెప్పలేదు. నూరు రూపాయల లోపు ఖర్చు.

అవ్వ మనవడు పద్దెనిమిది ఏళ్లవాడు. బ్యాటరీ పోయాక పలక తీగల్ని ఊడదీసి, ఒక కారు మొబైల్ చార్జర్‌కు కలిపి, పగటిపూట పెంటలో అందరి ఫోన్లూ చార్జి చేస్తున్నాడు. ఎవరు నేర్పారని అడిగాను. "సూసి చేసిన అక్కా." ప్లస్, మైనస్ మారిస్తే ఏమవుతుందో వాడికి తెలుసు, ఒక చార్జర్ అలాగే కాలిందట. నాన్న మీటర్ వాడి చేతికిచ్చి వోల్టేజీ ఎలా చూడాలో చూపించాడు. ఒక్కసారి చూపితే చాలింది. పక్కింటి బ్యాటరీ వాడే కొలిచి 12.4 అని చెప్పాడు. మూతలు విప్పి నీళ్లు చూశాడు. అది బతికే ఉంది, నీళ్లు పోస్తే ఇంకా కొన్నాళ్లు బతుకుతుంది. మీటర్ అక్కడే ఉంచి వచ్చాడు నాన్న.

దారిలో మాచారం వచ్చింది. ఇందిర సౌర గిరి జల వికాసాన్ని 2025 మేలో ఇక్కడే ప్రారంభించారు, గిరిజన రైతుల పొలాలకు సోలార్ పంపులు. పంపుకు బ్యాటరీ లేదు, ఎండ ఉన్నంతసేపు నీళ్లు తోడుతుంది, నీళ్లే నిల్వ. సాధ్యమైన చోటల్లా బ్యాటరీ అవసరం తప్పించడం తెలివైన పని. ఇంటి దీపానికి అది కుదరదు. రాత్రి దీపానికి బ్యాటరీ ఉండాలి, బ్యాటరీకి మనిషి ఉండాలి.

23 జనవరి, శుక్రవారం

మోడల్ పని ముగిసింది. హ్యాండోవర్ డాక్యుమెంటులో నిర్వహణ అధ్యాయం నాకు ఇచ్చారు. అడిగి తీసుకున్నాను. ఏం రాశానో ఇక్కడ క్లుప్తంగా.

బ్యాటరీ ఊళ్లో దిగకముందే ఇద్దరు ఆపరేటర్లకు శిక్షణ. ఇద్దరు ఎందుకంటే ఒకరు వేటకో చేపలకో వెళ్తారు, జబ్బు పడతారు, ఊరు మారతారు. శిక్షణ కాలానికి జీతం. పంపు, ఫ్యాను, ఫ్యూజు, కంట్రోల్ కార్డు లాంటి విడిభాగాలు ఊళ్లోనే, తాళం ఆపరేటర్ దగ్గర. చేతి స్విచ్ నెలకోసారి తిప్పి చూడాలి, భయం పోయేదాకా. రోజూ చూడాల్సినవి ఒకే పేజీలో, బొమ్మలతో, యూపిక్ భాషలో కూడా. పదేళ్ల తర్వాత బ్యాటరీ మార్చడానికి ఆదా అయిన డీజిల్ డబ్బులోంచి ఏటా ఒక వాటా పక్కన, ఆ ఖాతా ఊరి పేరున. మా హైదరాబాద్ పర్యవేక్షణ ఆఖరి పేరాలో ఉంది. అది సాయం, అధికారం వాళ్లదే.

ఎర్ర లైటు ప్రశ్న అడిగిన పెద్దాయనకు ముసాయిదా పంపాను. విడిభాగాల జాబితాలో రెండు కలిపి పంపాడు. మా ఇంజినీర్లలో ఎవరికీ తట్టనివి. ఒకటి కంటైనర్ తలుపు రబ్బరు పట్టీ. దాని సందుల్లోంచి పొడి మంచు లోపలికి దూరుతుందట.

ఇక్కడి పని ఇంకోటి మొదలైంది. మన్ననూరు ఐటీడీఏకు (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థకు) లేఖ రాశాను. ఒక్కో పెంట నుంచి ఇద్దరు యువకుల్ని ఎంపిక చేసి సోలార్ బ్యాటరీల నిర్వహణ నేర్పించాలి, వాళ్లకు నెలకింత అని జీతం ఉండాలి, మీటర్, స్పానర్, డిస్టిల్డ్ వాటర్ డబ్బా చేతికివ్వాలి. రాష్ట్రంలో 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తున్నారు, కోర్సు పెట్టాలంటే చోటు ఉంది. నేర్పడానికి నాన్న సిద్ధం. మా ఆఫీసు డీజీ గది అన్న కూడా సెలవు పెట్టుకుని వస్తానన్నాడు. పాఠం నేను రాస్తాను, వాళ్లిద్దరూ చేతితో చూపిస్తారు.

ఈ మూడు నెలల్లో నాకు తేలిందిది. గాలికి బ్యాటరీ జామీను. ఆ బ్యాటరీకి జామీను ఊళ్లో ఉండే మనిషి. మన బడ్జెట్లలో పెట్టెకు కోట్లు, ఆ మనిషికి ఒక గంట డెమో. మంగళవారం మీటింగులో శిక్షణ ఖర్చును అనుబంధంలోంచి తీసి మొదటి పేజీకి, బ్యాటరీ ధర పక్కకు తెమ్మని అడుగుతాను. ఒప్పుకోకపోతే మళ్లీ అడుగుతాను.